నూగు వాలిన వైపు

కొత్త ఇంటి హాలులో ఉత్తరపు గోడను సర్వేయరు గారు మూడుసార్లు కొలిచారు. మొదటిసారి తెలుసుకోవడానికి, రెండవసారి సరిచూసుకోవడానికి, మూడవసారి కేవలం అలవాటు చొప్పున. పదవీ విరమణ చేసి రెండేళ్ళు దాటినా, ఉక్కుటేపు రెండవ కొసను మరొకరు పట్టుకుని నిలబడితే తప్ప ఆయనకు కొలిచినట్లు ఉండదు. ఇప్పుడు ఆ ఉద్యోగం భార్యది. ఆమె కిటికీ మూలలో టేపు కొసను బొటనవేలితో అదిమిపట్టి, పొయ్యి మీద పాలు ఉన్నాయని రెండుసార్లు గుర్తు చేసింది. పాలకంటె కొలత ముఖ్యమని ఆయన అనలేదు. టేపు వదలమనీ అనలేదు. పాలు పొంగిన వాసన హాలులోకి వచ్చిన తరువాత, "ఇప్పుడిక తొందరేమీ లేదు, బాగా కొలవండి" అన్నది ఆమె.

గోడకు నడుమ బాల్కనీ తలుపు, దానికి చెరొక వైపున ఒక్కొక్క కిటికీ. ఇంట్లో దిగి పది రోజులైనా అద్దాలకు పాత వార్తాపత్రికలే అంటించి ఉన్నాయి. ఆ భవనంలోని ఇరవై ఇళ్ళూ కొత్తవే. అందరూ ఆ నెలలోనే వచ్చి చేరినవారే. అందరి కిటికీలూ ఇంకా కాగితాలు కట్టుకునే ఉన్నాయి. ఉన్నదంతా ఊడ్చి ఇంటికి పెట్టినవారికి తెరల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆడకపోవడం సహజం. సర్వేయరు గారి స్థితీ అదే. కాని ఆయన దానిని పొదుపు అనేవారు.

ఆ మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరూ పెద్దవీధిలోని దుకాణం అద్దాల వెనుక ముదురాకుపచ్చని మఖమలు తెరలు చూశారు. అవి పైనుంచి జారి, నేల మీద నాలుగు వేళ్ళ మేర పరచుకుని ఉన్నాయి. లోపలికి వెళ్ళి ధర అడిగారు. అడిగిన తరువాత ఆ రంగు తమ గోడలకు కొంచెం ముదురవుతుందని సర్వేయరు గారు మర్యాదగా చెప్పి బయటికి వచ్చారు. మెట్లు దిగుతూ భార్య, "రంగు బాగానే ఉంది లెండి" అన్నది. ఆయన వినిపించుకోలేదు. అక్కడి నుంచి నాలుగు సందులు దాటి, తానుల చివరి ముక్కలు అమ్మే పాత బజారు కొట్లలో రెండు గంటలు వెతికి, సరిగ్గా ఆ ముదురాకుపచ్చనే, అటువంటి నూగు గుడ్డనే పట్టుకున్నారు. తీసుకుంటే మొత్తం ముక్క తీసుకోవాలి, తిరిగి తేకూడదు, ఇక ఆ తాను లేదు అన్నాడు కొట్టువాడు. ధర పెద్దవీధిలో చెప్పినదానిలో మూడవ వంతు కూడా కాదు.

గుడ్డ చుట్టను భుజాన వేసుకుని మెట్లెక్కుతూ ఉండగా మూడవ అంతస్తు పంతులమ్మ ఎదురయింది. నివాసుల సంఘం పెట్టాలని ఇల్లిల్లూ తిరుగుతున్న మనిషి ఆమె. గుడ్డను చేత్తో తాకి చూసి, ఇంత ఖరీదైనది మావల్ల కాదు బాబాయిగారూ అన్నది. ధర ఎంతో ఊహించమన్నారు సర్వేయరు గారు. ఆమె చెప్పిన అంకె విని, చుట్టను రెండవ భుజానికి మార్చుకుని, తరువాత అసలు సంగతి చెప్పారు. "పద్ధతి తెలియాలమ్మా, అంతే. శనివారం సమావేశం మా హాలులోనే పెట్టుకోండి. తెరలు వేసి ఉంటాయి. చూసి, నచ్చితే మీరూ అలాగే చేయించుకోవచ్చు." సంఘానికి అధ్యక్షులుగా ఆయనే ఉండాలని అందరూ అనుకుంటున్నారని పంతులమ్మ అప్పుడే చెప్పింది. తనకటువంటి కోరికలు లేవని ఆయన అన్నారు. ఆ రాత్రి భోజనం దగ్గర ఆ సంగతి భార్యకు రెండుసార్లు చెప్పారు.

కింది అంతస్తులో, వాహనాలు నిలిపే చోటుకు ఆనుకుని ఉన్న చిన్నగదిలో ఒక దర్జీ ఆవిడ ఉండేది. అందరూ మిషనమ్మ అనేవారు. ఇరవై ఇళ్ళ కిటికీలను నమ్ముకునే ఆమె ఆ గది అద్దెకు తీసుకుని మిషను దింపుకున్నది. అప్పటికే ఏడు ఇళ్ళవారు గుడ్డలు ఇచ్చి ఉన్నారు. అవి పాత చీరల మూటలలో, ఒక్కొక్క మూటకు ఇంటి అంకె రాసిన అట్టముక్క కట్టి, గోడ వెంట వరుసగా ఉన్నాయి.

మంగళవారం ఉదయం సర్వేయరు గారు భార్యతో సహా చుట్ట తీసుకుని దిగారు. మిషనమ్మ నేల మీద ఉతికిన దుప్పటి పరచి, దాని మీద గుడ్డను విప్పింది. నోటిలోని గుండుసూదులను ఒక్కొక్కటిగా తీసి, మణికట్టుకు కట్టుకున్న దూదిగుడ్డలో గుచ్చుకుని, అరచేతితో గుడ్డను ఒకసారి ఇటూ ఒకసారి అటూ నిమిరింది. తరువాత మూరలు వేసి చూసి, మీటరున్నర తక్కువ పడుతుందని చెప్పింది. తలుపు తెరలకు గుడ్డ పొడవున తీయక తప్పదు. అవి తీస్తే కిటికీలకు చాలదు.

సర్వేయరు గారు కళ్ళద్దాలు సవరించుకుని ఒక్క నిమిషం చూశారు. కిటికీ ముక్కలను నిలువుగా తీయవలసిన అవసరం ఏమిటని అడిగారు. గుడ్డ వెడల్పు కిటికీ ఎత్తుకు సరిగ్గా సరిపోతున్నది. కనుక వాటిని అడ్డంగా తిప్పి తీస్తే ఒక్క బెత్తెడు కూడా వృథా పోదు.

"అలా తీయకూడదు సార్" అన్నది మిషనమ్మ. "దీనికి నూగుంది. ఇటు రాయండి, పడుకుంటుంది. అటు రాయండి, లేస్తుంది. పడుకుంటే ఒక రంగు, లేస్తే ఒక రంగు. ముక్కలన్నీ ఒకే వైపుకు వాలాలి. లేకపోతే పైన వేలాడదీశాక రెండు రంగులు కొడతాయి."

"గుడ్డకు కూడా దిక్కులుంటాయా? ముప్పై ఆరేళ్ళు దిక్కులు చూసే భూములు కొలిచానమ్మా నేను."

"భూమికి నాలుగు దిక్కులు సార్. దీనికి ఒకటే."

భార్య నవ్వింది. బహుశా ఆ నవ్వు లేకపోతే ఆయన ఇంకొంత ఆలోచించి ఉండేవారేమో. మిషనమ్మ మరొక ఉపాయం కూడా చెప్పింది: కిటికీలకు మామూలు లేతరంగు నూలుగుడ్డ తెచ్చుకుంటే, ఈ పచ్చగుడ్డ మిగులుతో వాటికి అంచు వేసి ఇస్తానన్నది, కావాలని అలా చేయించినట్లు ఉంటుంది, ఖర్చూ పెద్దగా కాదు. అతుకుల తెరలు తమ ఇంటికి అక్కరలేదని సర్వేయరు గారు అన్నారు. ఆమె పెట్టెలోని సుద్దముక్కను అడగకుండానే తీసుకుని, పంచె ఎగగట్టి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆమె చెక్కబద్దను ఆనించి, తలుపుకు నాలుగు ముక్కలు నిలువుగా, కిటికీలకు నాలుగు ముక్కలు అడ్డంగా గీశారు. రెండేళ్ళ తరువాత చేతి కింద గీత సూటిగా సాగిపోతూ ఉంటే ఆయనకు ప్రాణం లేచివచ్చినట్లయింది. చివరి గీత గుడ్డ అంచుతో అణువంత తేడా లేకుండా కలిసింది. లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ఈ గీతల మీదే కత్తెర వెయ్యి. బాధ్యత నాది" అన్నారు.

"మీ గుడ్డ, మీ ఇష్టం సార్" అని మిషనమ్మ కత్తెర అందుకున్నది.

శనివారం ఉదయం తెరలు వచ్చాయి. కుట్టు అతి శుభ్రంగా ఉన్నది. మడతలు ఒక్క కొలతగా ఉన్నాయి. అడుగు అంచులో బరువు కోసం లోపల పట్టీ కూడా వేసింది. సర్వేయరు గారే ఎత్తుపీట ఎక్కి కొక్కేలు తగిలించారు. దిగి వెనక్కు తిరిగి చూశారు. తలుపు తెరలు ముదురాకుపచ్చగా, దుకాణం అద్దాలలో చూసినట్లే ఉన్నాయి. వాటికి ఇరువైపులా కిటికీల మీద ఉన్నవి ఎండలో మరిచిపోయిన గుడ్డలాగా, బూడిద కలిసినట్లుగా పాలిపోయి ఉన్నాయి.

ఆయన హాలు ఆ మూలకు వెళ్ళి చూశారు. ఈ మూలకు వచ్చి చూశారు. కుర్చీలో కూర్చుని చూశారు. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుని తల కొంచెం వాల్చి చూస్తే తేడా అంతగా తెలియదని నిశ్చయించుకుని, ఆ కుర్చీని అక్కడే ఉంచమన్నారు. "వచ్చేవాళ్ళందరూ ఒకే కుర్చీలో కూర్చుంటారా?" అని భార్య అడిగింది.

సాయంత్రం ఆరు గంటలకు పద్నాలుగు మంది వచ్చారు. దీపాలు వెలిగించక తప్పలేదు. వెలిగించిన మరుక్షణం గోడ మీద మూడు పట్టీలు, నడుమ ఒక రంగు, పక్కల ఒక రంగు, జెండా కట్టినట్లు స్పష్టంగా లేచి నిలబడ్డాయి. అందరూ చూశారు. పెద్దమనుషులు గనక కొంతసేపు నీళ్ళ మోటారు గురించి, చెత్తబుట్టల గురించి మాట్లాడారు. చివరికి రెండవ అంతస్తు బ్యాంకాయన, నోటికి వచ్చినది ఆపుకోలేని మనిషి, టీ కప్పు కింద పెట్టి, "అన్నగారూ, ఇది కొత్త ఫ్యాషనా, లేక గుడ్డ చాలలేదా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. పంతులమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళి తెరను పట్టుకుని చూసింది. "ఇది వేరే గుడ్డలా ఉందే. మీరు మెట్ల మీద నాకు చూపించింది ఇది కాదు కదా, బాబాయిగారూ?"

అందరి ముఖాలూ ఆయన వైపు తిరిగాయి. సర్వేయరు గారి చెవులు వేడెక్కాయి. పద్ధతి తెలియాలమ్మా అన్న తన మాట ఆయనకు తన గొంతుతోనే వినపడింది. అప్పుడు ఆయన చాలా నిదానంగా, సాక్ష్యం చెప్పేవారి స్వరంతో ఇలా అన్నారు:

"నేను ఇచ్చినది ఒక్క ముక్క గుడ్డ. రంగు కూడా ఒక్కటే. తిరిగి వచ్చినది మీ కళ్ళముందే ఉంది."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అక్కరలేకపోయింది. పంతులమ్మ తెరను వదిలేసి, చెయ్యి దులుపుకున్నట్లు చేసింది. నా గుడ్డ కూడా ఆ మిషనమ్మ దగ్గరే ఉందే అని ఎవరో అన్నారు. మంచి గుడ్డ దాచుకుని నాసిరకం వేసి కుట్టేవాళ్ళను ఎంతమందిని చూశామంటూ మరొకరు అందుకున్నారు. కప్పులు సర్దుతున్న భార్య నిలబడిపోయి ఆయన వైపు చూసింది. ఆయన చెత్తబుట్టల విషయం ఎంతవరకు వచ్చిందని బ్యాంకాయనను అడిగారు. మిగిలిన విషయాలూ అధ్యక్షుల ఎన్నికా బుధవారం ఇక్కడే పూర్తి చేద్దామని నిశ్చయించుకుని అందరూ లేచారు.

భార్య కప్పులు కడుగుతూ ఉన్నది. ఆయన వంటగది గుమ్మంలో నిలబడ్డారు. ఆమె ఏదైనా అంటే బాగుండుననిపించింది. ఏమీ అనకపోతే ఇంకా బాగుండుననిపించింది.

"నేను అబద్ధం ఆడలేదు" అన్నారు ఆయనే.

"ఆడారని నేను అన్నానా?" ఆమె కప్పును వెలుతురుకు ఎత్తి చూసి బోర్లించింది. "ప్రతి మాటా నిజమే. అందుకే నాకు భయం వేసింది."

ఆదివారం పాల కోసం దిగుతూ సర్వేయరు గారు మెట్ల మలుపులో ఆగిపోయారు. కింద చిన్నగది ముందు పంతులమ్మ నిలబడి ఉన్నది. ఆమె మూట విప్పి ఉన్నది. అందులోని గుడ్డ, ఇంకా కత్తెర పడని గుడ్డ, తెచ్చినంతా ఉన్నదో లేదో అని కొలుస్తున్నది. ఆ గుడ్డ రెండవ కొసను మిషనమ్మ పట్టుకుని నిలబడింది. తన మెడలోని టేపునే తీసి ఆమెకు ఇచ్చినట్లుంది. పంతులమ్మ ఒక మీటరు కొలిచి వేలితో గుర్తు పెట్టుకుంటే, మిషనమ్మ అంత మేర గుడ్డను జారవిడుస్తున్నది. మళ్ళీ కొస సరిచేసి బిగువుగా పట్టుకుంటున్నది. కొలిచేవారికి తేడా రాకుండా గుడ్డను ఎంత బిగువుగా పట్టుకోవాలో తెలిసిన చెయ్యి అది. సర్వేయరు గారికి ఆ విషయం తెలిసినంతగా ఆ భవనంలో మరెవరికీ తెలియదు. గోడ పక్కన మరి ఇద్దరు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

కొలత సరిపోయింది. పంతులమ్మ మూట కట్టుకున్నది. అప్పుడు మిషనమ్మ తల ఎత్తి, మెట్ల మీద ఆయనను చూసింది.

"నమస్కారం సార్" అన్నది, రోజూ అనే విధంగానే.

ఆయన తల ఊపారు. పాలు తేకుండానే పైకి వచ్చేశారు. మధ్యాహ్నానికి ఏడు మూటలలో ఆరు వెళ్ళిపోయాయని భార్య చెప్పింది. ఏడవ ఇంటివారు ఊళ్ళో లేరట.

సోమవారం ఉదయమంతా ఆయన మాటలు కూర్చుకున్నారు. ఆయనకు ఉత్తరాలు రాయడం బాగా వచ్చును. కాగితం మీద రెండు వాక్యాలు రాసి, అవి మరీ బాగున్నాయని చింపివేశారు. చివరికి సాయంత్రం మూడవ అంతస్తు ఎక్కి, పంతులమ్మ కుర్చీ చూపినా కూర్చోకుండా, తెరల విషయంలో పొరపాటు తనదేనని, దర్జీ ఆవిడ తప్పు ఏమీ లేదని చెప్పారు.

పంతులమ్మ ఆయనను ఆదరంగా చూసింది. "వచ్చి ఏడ్చిందా, బాబాయిగారూ?"

"లేదమ్మా. ఆమె నా దగ్గరకు రానే లేదు."

"రాకపోయినా మీ మనసు ఊరుకోదు. తప్పు మీదంటూ మీ నెత్తిన వేసుకుంటున్నారు. మా నాన్నగారూ ఇంతే, దొంగను పట్టుకుని అన్నం పెట్టి పంపేవారు."

తాను చెబుతున్నది అది కాదని, గీతలు గీసినది తానేనని ఆయన మళ్ళీ చెప్పబోయారు. గీతలు గీస్తే రంగు మారుతుందా అని ఆమె నవ్వింది. లోపలి నుంచి ఎవరో పిలిచారు. ఇక ఈ విషయం తనకు వదిలేయమని, ఆవిడను భవనంలోంచి పంపేయమని ఎవరూ అనకుండా తాను చూసుకుంటానని, పెద్దవారు మీరు చెప్పారు గనక ఆ మాత్రం చేస్తానని ఆమె మాట ఇచ్చింది. ఆయన మెట్లు దిగుతున్నప్పుడు, చెప్పవలసినది చెప్పేశాను కదా అని ఒక చల్లని భావం గుండెలో కదిలింది. దానికి వెనుకనే, ఆమె అన్న మంచి మాట తియ్యగా నాలుకకు తగిలింది. ఆ తీపిని గుర్తించి ఆయన మెట్ల మధ్యలో రెయిలింగు పట్టుకుని నిలబడిపోయారు. అరవై ఏళ్ళ వయసులో ఒక మనిషికి తన మీద తనకు అసహ్యం వేయడానికి అంతకంటె ఏమీ అక్కరలేదు.

మంగళవారానికి ఆ వార్త భవనమంతా పాకింది. బ్యాంకాయన మెట్ల దగ్గర ఆపి చెయ్యి కలిపి, ఈ రోజుల్లో ఇలాంటి మనుషులు అరుదన్నాడు. అధ్యక్షుల పదవికి ఇక పోటీ మాటే లేదన్నాడు. శనివారం ఒక్కసారి అన్న మాటను, దానిలో లేని అర్థాన్ని కూడా కలుపుకుని పద్నాలుగు మంది నమ్మారు. సోమవారం విప్పి చెప్పిన నిజాన్ని ఒక్కరూ నమ్మలేదు. ఇంటికి వచ్చి ఆయన ఆ సంగతి భార్యకు చెప్పారు. ఆమె తెరల వైపు చూసి, "మాటలతో అయ్యే పని కాదులెండి అది" అన్నది.

బుధవారం సమావేశానికి ఇంకొందరు కొత్తవారు కూడా వచ్చారు. పంతులమ్మ కాగితాలు సర్దుకుని, మొదట అధ్యక్షుల విషయం తేల్చేద్దామన్నది. సర్వేయరు గారు లేచి, దానికంటె ముందు ఒక పని ఉందన్నారు. ఎత్తుపీటను కిటికీ దగ్గరకు లాగారు. భార్య అడగకుండానే వచ్చి పీట కాళ్ళు పట్టుకున్నది. ఆయన ఎక్కి, కిటికీ తెర కొక్కేలు ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టారు. ఎనిమిది కొక్కేలు. ఒకటి చిక్కుకుని ఒక పట్టాన రాలేదు. ఎవరో సాయానికి లేవబోతే భార్య తల అడ్డంగా ఊపింది.

దిగి, పాలిపోయిన ఆ తెరను తలుపు తెర పక్కనే ఎత్తి పట్టుకున్నారు. తేడా అందరికీ కనపడింది. "ఇప్పుడు చూడండి" అని దానిని పక్కకు, అడ్డంగా తిప్పారు. అది మరింత పాలిపోయింది. వెనుకనుంచి చిన్న నవ్వు వినపడింది. ఆయన ముఖం ఎర్రబడింది. చేతులు మార్చి, రెండవ వైపుకు తిప్పారు. గుడ్డలో ఏదో ఆరిపోయినట్లు, లేదా వెలిగినట్లు, ఆ లేతదనమంతా ఒక్కసారిగా మాయమైపోయి రెండూ ఒకే ముదురాకుపచ్చ అయిపోయాయి. ఎక్కడ ఒకటి ముగిసి ఎక్కడ రెండవది మొదలయిందో పోల్చుకోవడం కష్టమయింది.

పంతులమ్మ లేచి దగ్గరకు వచ్చింది. తెరను ఆయన చేతిలోంచి తీసుకుని తాను తిప్పి చూసింది. నిలువుగా, అడ్డంగా, మళ్ళీ నిలువుగా.

"గుడ్డ ఒక్కటే" అన్నారు సర్వేయరు గారు. "దీనికి నూగు ఒక వైపుకు వాలి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే వైపుకు తీయాలని ఆవిడ నాకు చెప్పింది. మా ఆవిడ వింటూ ఉండగా చెప్పింది. మీటరున్నర మిగుల్చుదామని నేను వినలేదు. సుద్దతో గీతలు గీసినది నేను. ఆ గీతల మీదే కత్తెర వెయ్యమని చెప్పినది నేను."

"మరి శనివారం మీరు..." పంతులమ్మ ఆగిపోయింది.

"శనివారం మీరు అడిగినప్పుడు ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. సిగ్గు వేసి."

ఆ గదిలోని ముఖాలలో ఏదో సర్దుకోవడం ఆయన చూశారు. కోపం కాదు, కోపమైతే తట్టుకోవచ్చును. తెలిసిన మనిషి ముఖం మీద పడవలసిన చూపు కొంచెం పక్కకు జరిగి, ఆయన భుజం మీదనో, గోడ మీదనో ఆనుకున్నది. పంతులమ్మ తెరను జాగ్రత్తగా మడిచి కుర్చీ మీద పెట్టింది. మూట విప్పి తాను గుడ్డ కొలుస్తూ ఉంటే రెండవ కొస పట్టుకున్నదెవరో ఆమెకు ఆ క్షణాన గుర్తు వచ్చినట్లున్నది. ఆయన వైపు మళ్ళీ చూడలేదు.

"అన్నగారూ" అన్నాడు బ్యాంకాయన, గొంతు సవరించుకుని, "మరి మీరు ముప్పై ఆరేళ్ళు కొలిచిన పొలాల సంగతేమిటంటారు?"

ఈసారి చాలామంది నవ్వారు. అది విరుపు మాటే గాని ద్వేషం లేనిది. ఉక్కపోసిన గదిలో ఎవరో కిటికీ తెరిచినట్లు అందరూ దానిని ఆధారం చేసుకున్నారు. సర్వేయరు గారు ఆ ప్రశ్నకు జవాబు వెతికారు. ప్రతి గట్టూ, ప్రతి రాయీ ఆయనకు తెలుసు. ఒక్కదానిలో తేడా లేదని ప్రమాణం చేసి చెప్పగలరు. కాని తన ప్రమాణానికి ఈ గదిలో ఇకమీదట ఎంత బరువుంటుందో కూడా ఆయన కొలుచుకోగలిగారు. "మీరు అడగవలసినదే" అని మాత్రం అని కూర్చున్నారు.

అధ్యక్షుల విషయం మరొకసారి చూద్దామని ఎవరో అన్నారు. నీళ్ళ మోటారు గురించి మాట్లాడుకున్నారు. టీలు తాగారు. వెళ్ళేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఆయనకు నమస్కారం పెట్టడం మరిచిపోయారు. ఒకాయన గుర్తు వచ్చి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కు వచ్చి పెట్టాడు.

అందరూ వెళ్ళాక భార్య ఆ తెరను మళ్ళీ తగిలించమన్నది. ఎందుకని ఆయన అడిగారు. "ఎదుటివాళ్ళకు మన కంచం కనపడుతుంది" అన్నది. ఆయన మళ్ళీ పీట ఎక్కారు. ఎనిమిది కొక్కేలు. ఆమె కింద నుంచి ఒక్కొక్క మడతనూ అందించింది. చివరి కొక్కెం పడిన తరువాత ఆమె చెయ్యి కాసేపు ఆయన పాదం మీద ఉన్నది.

గురువారం పది గంటలకు సర్వేయరు గారు ఒక్కరే కిందికి దిగారు. చిన్నగదిలో మిషను నడుస్తున్నది. గోడ వెంట నాలుగు మూటలు ఉన్నాయి. గుమ్మంలో నిలబడి, తాను వచ్చిన పని చెప్పారు. ఆయన ఎన్నో అర్జీలు విన్నవారే గాని, ఎన్నడూ అర్జీ పెట్టుకున్నవారు కాదు. "నన్ను క్షమించమ్మా" అన్న మాట తన నోట చాలా బరువుగా, పాత పుస్తకంలోని మాటలాగా వచ్చిందనుకున్నారు.

మిషనమ్మ చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది. "మూడు మూటలు తిరిగి వచ్చాయి సార్. పంతులమ్మగారు తనే తెచ్చి ఇచ్చారు. పాపం, చాలాసేపు నిలబడ్డారు."

"మిగతావి?"

"బజారులో ఇచ్చేశారట. కత్తెర పడ్డాక ఇక ఎక్కడివి." ఆమె మాటలో ఫిర్యాదు లేదు; ఈ ఏడాది వాన తక్కువ పడిందని చెప్పినట్లు చెప్పింది.

ఆయన ముందుగా అనుకుని వచ్చినది చెప్పారు. ఆమె మొదట చెప్పిన ఉపాయమే మంచిదని, కిటికీలకు లేతరంగు గుడ్డ ఎంత కావాలంటే అంత తెస్తానని, ఆమె ఎలా చెబితే అలాగే కుట్టమని, కూలి ఆమె ఇష్టమని. చెబుతున్నకొద్దీ, తాను మళ్ళీ ఏదో పద్ధతి ప్రకారం లెక్క సరిచేయబోతున్నట్లు ఆయనకే తోచింది.

"మీ పని నేను పట్టను సార్."

ఆయన గుమ్మపు చెక్కను పట్టుకున్నారు.

"కోపం కాదు సార్. నిన్న పైన అందరి ముందూ చెప్పారని విన్నాను. అంత పని ఎవరూ చెయ్యరు. మా అన్నయ్య అయినా చెయ్యడు." ఆమె ఒళ్ళోని గుడ్డ మీది దారపు పోగును వేలితో తీసి కింద వేసింది. "కాని మీ గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే నేను మీ మాట రెండుసార్లు వినాలి. ఇక్కడ చెప్పేది ఒకటి, పైన చెప్పబోయేది ఒకటి. అంత తెలివి నాకు లేదు సార్. బజారులో మంచివాళ్ళున్నారు, కావాలంటే చెబుతాను."

ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. జీవితంలో ఎన్నో గుమ్మాలలో నిలబడి, లోపలివారు లేచి బయటికి వచ్చేదాకా వేచి ఉన్న మనిషి ఆయన. ఇక్కడ లోపలి మనిషి లేవలేదు. ఆ గదికి కిటికీ లేదన్న సంగతి ఆయన అప్పుడే గమనించారు. ఉన్న వెలుతురంతా ఆ గుమ్మంలోంచి రావలసిందే.

మిషనమ్మ గుడ్డను సూది కిందికి జరిపింది. వంగి, కళ్ళు చికిలించి చూసి, తల ఎత్తకుండానే అన్నది.

"కాస్త పక్కకు జరగండి సార్. కుట్టు కనపడటం లేదు."

ఆయన పక్కకు జరిగారు.